గది – ఆట – మనిషి

మనం తినే తిండి మంచిదా కాదా అని నలుగురిని అడుగుతాం. కట్టే బట్ట నాలుగు దుకాణాలు తిరిగి కొంటాం. కాని రోజుకు పది గంటలు కూర్చునే గది ఎట్లా అమరి ఉందో, ఆ గదిలో కూర్చుని సెల్‌ఫోనులో ఆడే ఆట ఎట్లా తయారయిందో ఆలోచించేవాళ్ళు తక్కువ. గదిలో కూర్చున్నది నేను, ఆట ఆడుతున్నది నేను అనుకుంటాం. వ్యాకరణం ప్రకారం కర్త మనమే. అయితే ఆ వాక్యం వెనుక ఇంకొక కర్త ఉన్నాడు. కిటికీ ఎక్కడ ఉండాలో, దీపం ఎంత ఎత్తున వేలాడాలో మనకంటే ముందు ఒకరు నిర్ణయించారు. ఆటలో ఎప్పుడు గెలవాలో, ఓడినప్పుడు తెర మీద ఏ బొమ్మ కనబడాలో మరొకరు నిర్ణయించారు. మన కాళ్ళు, కళ్ళు, వేళ్ళు వాళ్ళ నిర్ణయాల వెంట నడుస్తున్నాయి.

ఇంటీరియర్ డిజైన్ అంటే తెరలు, సోఫాలు, గోడ రంగులు అనీ, వీడియో గేము అంటే పొద్దుపోని కుర్రాళ్ళ వ్యవహారం అనీ మనలో ఒక అభిప్రాయం ఉంది. రెండూ ఒకే విద్యకు చెందిన రెండు కొమ్మలని నా ఉద్దేశం. మనిషి చుట్టూ ఒక చోటు కట్టి, ఆ చోటులో అతని మనస్సు ఎట్లా తిరగాలో ఏర్పాటు చేసే విద్య అది. ఆ విద్య మంచిగా వాడారా, చెడ్డగా వాడారా అని తేల్చడానికి ఒక గీటురాయి ఉంది. మనిషిని లోపలికి రప్పించడం ఎంత బాగా తెలుసో, వేళకు బయటికి సాగనంపడం కూడా అంత బాగా తెలిసి ఉండాలి. ఈ ఒక్క మాట నిరూపించడానికే ఈ వ్యాసం.

దిగుడుబావి నేర్పే పాఠం

నాది లింగంపేట. కామారెడ్డికీ ఎల్లారెడ్డికీ నడుమ ఉంటుంది. 2016 అక్టోబరు దాకా నిజామాబాదు జిల్లా, ఆ తరువాత కామారెడ్డి జిల్లా. మా ఊరికి పేరు తెచ్చిన కట్టడం నాగన్న బావి. 18వ శతాబ్దం నాటి దిగుడుబావి. నాగన్న అనే ఆయన కట్టించాడని ఊళ్ళో చెప్పుకొంటారు. ఎంతో కాలం ఆదరణ లేక పాడుబడిన ఈ బావిని ‘ది రెయిన్‌వాటర్ ప్రాజెక్ట్’ తరఫున కల్పనా రమేశ్ బృందం బాగుచేసింది. 2023లో మళ్ళీ జనం కోసం తెరిచారు. హైదరాబాదులో బన్సీలాల్‌పేట మెట్లబావిని 2022 డిసెంబరులో తెరిచిన తరువాత, ఇట్లాంటి బావుల మీద మన రాష్ట్రంలో కొత్తగా శ్రద్ధ పుట్టింది.

చేదబావికీ దిగుడుబావికీ తేడా చూడండి. చేదబావి దగ్గర మనిషి పైన నిలబడతాడు, తాడు లోపలికి పోతుంది. దిగుడుబావి దగ్గర మనిషే లోపలికి పోతాడు. అందుకని అది బావి మాత్రమే కాదు, భూమిలోకి కట్టిన ఇల్లు కూడా. దాన్ని కట్టినవాళ్ళకు మనస్తత్వశాస్త్రం అనే పేరు తెలియదు కాని, ఆ శాస్త్రంలోని మూడు సూత్రాలు తెలుసు.

మొదటిది, చూపడం. పై మెట్టు మీద నిలబడగానే నీళ్ళు ఎంత లోతున ఉన్నాయో కనబడుతుంది. నిరుడు పది మెట్లు దిగితే అందిన నీళ్ళకు ఈ యేడు ఇరవై మెట్లు దిగాల్సి వస్తే, కరువు సంగతి ఎవరూ చాటింపు వేయనక్కరలేదు. మిగిలినది ఎంతో మెట్లే లెక్క చెబుతాయి.

రెండవది, నడకను నిర్ణయించడం. రాతి మెట్టు మీద పరుగెత్తి దిగలేం. అడుగు తరువాత అడుగు వేయాలి. దిగినకొద్దీ ఎండ తగ్గుతుంది, చల్లదనం పెరుగుతుంది. మనస్సు కూడా ఒక్కొక్క మెట్టే దిగుతుంది.

మూడవది, అతి ముఖ్యమైనది, ఆగే చోటు ఇవ్వడం. దిగుడుబావుల్లో మెట్ల వరుసల నడుమ చదునైన అరుగులు వదిలేవారు. నిండు బిందెతో ఎక్కేవాళ్ళు అక్కడ దించుకోవచ్చు. ఎక్కేవాళ్ళు, దిగేవాళ్ళు ఒకరికొకరు తప్పుకోవచ్చు. నాలుగు మాటలు మాట్లాడుకోవచ్చు. ఇంకా దిగుదామా, ఇక్కడినుంచే తిరుగుదామా అని ఆలోచించుకోవచ్చు. మెట్టు మనిషిని నడిపిస్తుంది, అరుగు ఆలోచింపజేస్తుంది.

ఇక్కడ ఒక చేదు నిజం కూడా చెప్పుకోవాలి. పాత రోజుల్లో ఊరి బావుల మెట్లు అందరికీ అందలేదు. ఎంతోమందిని ఒడ్డు కూడా ఎక్కనీయలేదు. నీళ్ళు కనబడుతుంటే దూరంగా నిలబడి ఎవరైనా పోస్తారేమో అని ఎదురుచూసిన కుటుంబాలు మన ఊళ్ళల్లోనే ఉన్నాయి. కట్టడం ఎంత అందమైనదైనా, ఎవరిని లోపలికి రానిస్తుంది, ఎవరిని బయట నిలబెడుతుంది అన్న ప్రశ్న అడగకుండా దాన్ని మెచ్చుకుంటే అది సగం చదువే. ఈ ప్రశ్నను గదులకూ ఆటలకూ కూడా వేయవలసి వస్తుంది.

ఇంటి లోపల

బావి నుంచి ఇంటికి వద్దాం. మన తెలంగాణ పల్లెల్లో పాత భవంతి ఇళ్ళు ఇప్పటికీ అక్కడక్కడా నిలిచి ఉన్నాయి. నడుమ ఆకాశం కనబడేట్టు ఖాళీ వదిలి, చుట్టూ దలానం, దలానం వెనుక అర్రలు. వీధి వైపు అరుగు. ఆ ఇంట్లో గడియారం లేకపోయినా పొద్దు ఎంత అయిందో తెలిసేది. నీడ ఏ స్తంభం దాకా వచ్చిందో చూసి పొయ్యి ముట్టించేవారు. వాన వస్తే ఇల్లంతటికీ తెలిసేది. ఒంటరిగా ఉండాలంటే అర్ర, నలుగురిలో ఉండాలంటే దలానం, ఊరితో ఉండాలంటే అరుగు. ఒకే మనిషికి మూడు తీరుల మనస్సు ఉంటుందని, మూడింటికీ మూడు చోట్లు కావాలని ఆ ఇల్లు ఒప్పుకుంది.

ఇది పాతకాలం మీద మోజుతో చెప్పే మాట కాదు. చీకటి అర్రలు, పొగ నిండిన వంటిళ్ళు, వాటిలో ఆడవాళ్ళు పడిన పాట్లు కూడా ఆ ఇళ్ళల్లోవే. అయితే వెలుగూ ఆకాశమూ మనిషికి ఏం చేస్తాయన్నది ఈనాడు కొలిచి చూడగలిగిన విషయం. రోజర్ ఉల్‌రిచ్ అనే అమెరికన్ పరిశోధకుడు 1984లో ‘సైన్స్’ పత్రికలో ఒక చిన్న వ్యాసం ప్రచురించాడు. పెన్సిల్వేనియాలోని ఒక ఆస్పత్రిలో 1972 నుంచి 1981 వరకు పిత్తాశయం ఆపరేషను చేయించుకున్నవాళ్ళ రికార్డులు తీసి, వయస్సు, ఆరోగ్యం మొదలైన విషయాల్లో సరిపోలేవాళ్ళను 23 జంటలుగా కూర్చాడు. ప్రతి జంటలో ఒకరి కిటికీలోంచి చెట్లు కనబడతాయి, రెండోవారి కిటికీలోంచి ఇటుక గోడ కనబడుతుంది. చెట్లు కనబడినవాళ్ళు సగటున 7.96 రోజులకు ఇంటికి పోయారు. గోడ కనబడినవాళ్ళకు 8.70 రోజులు పట్టింది. చెట్లు చూసినవాళ్ళకు గట్టి నొప్పి మందుల అవసరం కూడా తక్కువయింది. 46 మంది అంటే చిన్న లెక్కే. అయినా ఆస్పత్రులు కట్టేవాళ్ళు కిటికీ గురించి ఆలోచించడానికి ఆ చిన్న లెక్క గట్టి దారి వేసింది.

డబ్బు లేదు కాబట్టి మంచి గదులు కట్టలేమనే మాట మన కళాశాలల్లో తరచుగా వింటాం. ఆ మాటకు లారీ బేకర్ కట్టడాలే జవాబు. ఇంగ్లండులో పుట్టి, మన దేశంలో స్థిరపడి, 2007లో కన్నుమూసిన ఈ వాస్తుశిల్పి తిరువనంతపురంలో సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్ ఆవరణను తక్కువ ఖర్చుతో కట్టి చూపించాడు. ఉన్న చెట్లను కొట్టకుండా గోడలను వాటి పక్కగా మళ్ళించాడు. ఇటుకల నడుమ సందులు వదిలి జాలీ గోడలు పేర్చాడు. గాలీ వెలుతురూ వాటంతట అవే లోపలికి వస్తాయి. మనిషి బాగోగులకు కావలసింది పాలరాయి కాదని, ఆలోచన అని అక్కడి గోడలు చెబుతున్నాయి.

పాత ఆటల కట్టుబాటు

ఇక ఆటల సంగతి. గదీ ఆటా వేరువేరు అనుకోవడం కొత్త అలవాటు. ఫతేపూర్ సిక్రీలో అక్బరు కాలపు అంగణంలో నేల మీదే పచ్చీసు పటం ఉంది. మన దక్షిణాదిలో పాత గుళ్ళ మంటపాల్లో కూర్చుంటే, నేలరాళ్ళ మీద పులిజూదం గీతలు చాలాచోట్ల కనబడతాయి. నీడ ఉన్న చోట, గాలి వచ్చే చోట, నలుగురు చేరే చోట ఆట పుట్టింది. గది ఆటను కన్నది.

పులిజూదం తీసుకోండి. మూడు పులులు, పదిహేను మేకలు. పులికి దూకే బలం ఉంది, మేకకు మంద బలం ఉంది. పోయిన మేక మళ్ళీ రాదు. పులులు కదలలేకుండా మూసుకుపోతే ఆట ముగుస్తుంది. ముగింపు ఆటలోనే ఉంది. అష్టాచెమ్మాలో నాలుగు గవ్వలు వేస్తాం. నాలుగూ వెల్లకిల పడితే చెమ్మ, నాలుగూ బోర్లా పడితే అష్ట. ఆ రెండింటికీ మరో పందెం దొరుకుతుంది. ఎప్పుడు ఏం పడుతుందో తెలియదు, అందుకే అంత ఉత్సాహం. కాని కాయలన్నీ నడిమింట్లోకి చేరగానే పట్టు విడిచి లేస్తాం. వామనగుంటల్లో గుంటలు పద్నాలుగే, చింతగింజలు కూడా లెక్కకు ఉన్నన్నే.

బతుకమ్మను కూడా మనం ఆట అనే అంటాం. ‘బతుకమ్మ ఆడుదాం రా’ అంటాం. ఆ ఆటకు ఒక వేళ ఉంది, వాకిలి ఉంది, చుట్టూ తిరిగే మనుషులు ఉన్నారు. తొమ్మిదో నాడు సద్దుల బతుకమ్మ ఆడి చెరువులో నిమజ్జనం చేస్తారు. పొద్దంతా పేర్చిన పూలను నీళ్ళకు ఇచ్చి, సద్దులు పంచుకుని ఇంటికి తిరిగివస్తారు. సాగనంపడం కూడా ఆటలో ఒక భాగం అయింది. ఆడినవాళ్ళకు లోటు అనిపించదు, నిండుగా అనిపిస్తుంది.

ఈ ఆటలన్నిటికీ మూడు కట్టుబాట్లు ఉన్నాయి. ఎదుటి మనిషి ముఖం కనబడుతుంది. చీకటి పడితేనో, అమ్మ పిలిస్తేనో ఆట ఆగుతుంది. ఆటకు తనదైన ముగింపు ఉంటుంది. దిగుడుబావికి అరుగు ఎట్లాగో వీటికి ఈ మూడూ అట్లాగు.

అరచేతిలోని జూదశాల

ఇప్పుడు సెల్‌ఫోను తీయండి. పచ్చీసు నుంచి వచ్చిన లూడోకు 1896లో ఇంగ్లండులో పేటెంటు తీసుకున్నారు. 120 ఏళ్ళ తరువాత, 2016లో, లూడో కింగ్ అనే పేరుతో అది మన దేశపు ఫోనుల్లోకి తిరిగివచ్చింది. 2020 లాక్‌డౌనులో ఎంతోమంది చుట్టాలతో, స్నేహితులతో ఆడుకున్నది దాన్నే. ఊళ్ళు దాటి మనుషులను కలిపిన ఆట అది. దాన్ని నిందించడానికి నాకు కారణం లేదు. కాని తెర మీదికి వచ్చినప్పుడు ఆటకు ఏం జరిగిందో గమనించాలి. చీకటి పడినా తెర వెలుగుతుంది. అవతలివాడు లేచిపోతే క్షణంలో మరొకడు దొరుకుతాడు. ఆట ముగిసిన చోటే కొత్త ఆటకు బొత్తాం ఉంటుంది. అంటే, అరుగులు తీసేశారు. మెట్లు మాత్రం మిగిలాయి.

దీని వెనుక ఉన్న శాస్త్రం పాతదే. బి. ఎఫ్. స్కిన్నర్, చార్లెస్ ఫెర్‌స్టర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు పావురాల మీద చేసిన ప్రయోగాలను 1957లో పుస్తకంగా వెలువరించారు. మీట పొడిచిన ప్రతిసారీ గింజ దొరికే పావురం, గింజలు ఆగిపోతే త్వరలోనే పొడవడం మానుతుంది. ఎన్నిసార్లు పొడిస్తే దొరుకుతుందో తెలియని పావురం మాత్రం పొడుస్తూనే ఉంటుంది. అష్ట పడుతుందా, చెమ్మ పడుతుందా అన్న ఉత్కంఠలో ఉన్నదీ ఈ సూత్రమే. కాని అక్కడ నాలుగు గవ్వలకు పటం అనే హద్దు ఉంది. ఫోనులో తెరిచే పెట్టెలకూ, తిరిగే చక్రాలకూ హద్దు లేదు.

2012లో వచ్చిన క్యాండీ క్రష్ సాగాలో ఆటగాడికి అయిదు ప్రాణాలు ఇస్తారు. అవి అయిపోతే అరగంటకు ఒకటి చొప్పున తిరిగి వస్తాయి. పైకి చూస్తే ఇది ఆగే చోటే కదా అనిపిస్తుంది. కాని పైసలు కడితే ఆ అరగంట ఆగనక్కరలేదు. కట్టకపోతే అరగంటకు మళ్ళీ ఫోను వైపు చూస్తాం. అరుగు మీద కూర్చున్నవాడి దగ్గర సుంకం వసూలు చేసినట్టు ఉంది ఈ పద్ధతి.

గది విద్యా ఆట విద్యా పూర్తిగా కలిసిపోయిన చోటు ఒకటి ఉంది: అమెరికాలోని కాసినోలు. బిల్ ఫ్రీడ్‌మన్ అనే ఆయన కాసినోల అమరిక మీద 2000లో ఒక పుస్తకం వేశాడు. కప్పు తక్కువ ఎత్తున ఉండాలి, దారులు మెలికలు తిరగాలి, ఎటు చూసినా జూదపు యంత్రమే కంటబడాలి అన్నది ఆయన పద్ధతి. రోజర్ థామస్ అనే మరొక డిజైనరు లాస్ వేగాస్‌లో 1998లో తెరిచిన బెల్లాజియోలో దీనికి తలకిందులుగా చేశాడు. వెలుతురు, ఎత్తైన కప్పులు, పువ్వులు, హాయి. ఆ హాయి కూడా జనాన్ని లోపల ఉంచడానికే పనికివచ్చింది. ఇందులో విద్యార్థులు నేర్చుకోవలసింది ఉంది. హాయిగా ఉన్న ప్రతి చోటూ మన మేలు కోరేది కాదు. ఆ హాయి ఎవరి లాభానికి అన్నది చూడాలి. నటాషా డౌ షూల్ అనే సామాజిక శాస్త్రవేత్త లాస్ వేగాస్‌లో ఏళ్ళ తరబడి పరిశీలించి 2012లో రాసిన గ్రంథంలో ఒక విచిత్రం బయటపెట్టింది. యంత్రాల ముందు కూర్చున్నవాళ్ళలో చాలామంది గెలవడం కోసం ఆడటం లేదు. ఆడుతూ ఉండడం కోసమే ఆడుతున్నారు. కాలం, డబ్బు, ఒళ్ళు, మూడూ మరిచిపోయే స్థితి వాళ్ళకు కావాలి.

లాస్ వేగాస్ మనకు దూరమే. ఆ గదిని మడతపెట్టి జేబులో పెట్టుకునే వీలు వచ్చిన తరువాత దూరం అన్న మాటకు అర్థం లేదు. ఫీజు కోసం ఇంటినుంచి వచ్చిన డబ్బును ఫోనులో రమ్మీకి పెట్టి, పోయినదాన్ని తిరిగి రాబట్టాలని అప్పు చేసి, సెమిస్టరు పరీక్షకు రాకుండా ఊరికి వెళ్ళిపోయిన కుర్రవాణ్ణి నేను ఎరుగుదును. వాళ్ళ నాయన పొలం అమ్మలేదు కాని, బర్రెను అమ్మాడు. తెలంగాణ ప్రభుత్వం 2017లోనే గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైను డబ్బు ఆటలను నిషేధించింది. ఆంధ్రప్రదేశ్ 2020లో అదే దారి పట్టింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ వర్తించే చట్టం చేసింది. ఈ-స్పోర్ట్స్‌నూ సరదా ఆటలనూ ఒక పక్కన పెట్టి, డబ్బు ఆటలను వేరుచేసి నిషేధించింది. చట్టం అవసరమే. అయితే చట్టం తలుపు మూయగలదు, గది లోపల కిటికీ పెట్టలేదు. ఆ పని మనదే.

ఆట శత్రువు కాదు

ఇంతదాకా చదివి, ఈయన ఫోనులు పారేయమంటాడు కాబోలు అని ఎవరైనా అనుకుంటే పొరపాటు. ఆట మందుగా పనిచేసిన సందర్భాలున్నాయి. అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో హంటర్ హాఫ్‌మన్, డేవిడ్ ప్యాటర్సన్ కలిసి ‘స్నోవరల్డ్’ అనే ఆటను కాలిన గాయాలవాళ్ళ కోసం వాడారు. కట్టు మార్చేటప్పుడు ప్రాణం పోయేంత నొప్పి. ఆ సమయంలో రోగి కళ్ళకు అద్దాలు తగిలిస్తే, చుట్టూ మంచు లోయ కనబడుతుంది. అతడు మంచుముద్దలు విసురుతూ ముందుకు పోతాడు. మనస్సు చల్లని చోట తిరుగుతుంటే నొప్పి మీద ధ్యాస తగ్గుతుంది. ఆస్పత్రి గదికి లేని కిటికీని ఆట ఇచ్చింది. కట్టు కట్టడం అవగానే ఆటా అయిపోతుంది. ఇక్కడ కూడా ముగింపు ఉంది, చూడండి.

ఎన్ని గంటలు ఆడాడు అని లెక్కపెట్టడం ఒక్కటే చాలదని కూడా పరిశోధనలు చెబుతున్నాయి. ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 2022లో ఏడు ఆటలకు చెందిన 38,935 మందిని ఆరు వారాలు పరిశీలించారు. ఆడిన సమయం హెచ్చినంత మాత్రాన మనస్సు బాగుపడటం గాని పాడవడం గాని చెప్పుకోదగినంత కనబడలేదు. ఎందుకు ఆడుతున్నారన్నది మాత్రం లెక్కకు వచ్చింది. ఇష్టంతో ఆడేవాళ్ళు బాగున్నారు, ఆడక తప్పదన్నట్టు ఆడేవాళ్ళు అంత బాగా లేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఆట వ్యసనాన్ని 2022 నుంచి అమలైన తన రోగాల పట్టికలో చేర్చినప్పుడు గంటలు లెక్కపెట్టలేదు. ఆపుకోలేకపోవడం, మిగతా పనులన్నీ వెనక్కి పోవడం, నష్టం కనబడుతున్నా సాగించడం, ఇవి మామూలుగా ఏడాది పాటు ఉండడం. ఇవే లక్షణాలు.

ఎడ్వర్డ్ డీసీ, రిచర్డ్ రయన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తల సిద్ధాంతం ప్రకారం మనిషి మనస్సుకు మూడు ఆకళ్ళు ఉన్నాయి. నా పని నేను ఎంచుకున్నాను అనే స్వేచ్ఛ, నాకు చేతనవుతుంది అనే నేర్పు, నావాళ్ళు ఉన్నారు అనే తోడు. రయన్, అతని తోటి పరిశోధకులు 2006లో ఈ కొలతను వీడియో ఆటలకు పెట్టి చూశారు. ఈ మూడూ తీర్చే ఆట దగ్గర మనిషికి ఆనందం దొరుకుతోందని తేలింది. హాస్టలు గదిలో ఈ మూడు ఆకళ్ళూ తీరక, ఫోనులో తీరుతుంటే తప్పు కుర్రవాడిది ఒక్కడిదే అనగలమా?

మన హాస్టలు సంగతి

రాత్రి ఒంటిగంటకు ఏ హాస్టలు గదిలోకైనా తొంగి చూడండి. నలుగురు ఉండవలసిన గదిలో ఆరుగురు. నడుమ ఒకటే ట్యూబులైటు. అది వేస్తే పండుకునేవాడికి కష్టం, ఆర్పితే చదివేవాడికి కష్టం. కాబట్టి ఆర్పేసి అందరూ ఫోను పట్టుకుంటారు. ప్లగ్గు ఉన్నది తలగడ పక్కన. కూర్చోవడానికి మంచం తప్ప మరో చోటు లేదు. తిన్నా మంచమే, చదివినా మంచమే, ఆడినా మంచమే, ఏడ్చినా మంచమే. భవంతి ఇంటికి మూడు చోట్లు ఉన్నాయని చెప్పుకున్నాం. ఈ గదికి ఒకటే చోటు. ‘ఏందిరా, ఇంకా పండుకోలేదా?’ అంటే, ‘ఇగ ఇదొక్కటే అన్నా, ఇదయినంక పండుకుంటా’ అంటాడు తమ్ముడు. ఆ ‘ఇదొక్కటే’కు ముగింపు లేదని అతనికీ తెలుసు. తెల్లవారి ఎనిమిదిన్నర క్లాసులో కళ్ళు మూతలు పడుతుంటే, లెక్చరరుకు కనబడేది సోమరితనం. వెనుక ఉన్నది గది అమరిక.

అందువల్ల ఏ గదికైనా, ఏ ఆటకైనా వేయదగిన అయిదు ప్రశ్నలను మీ ముందు ఉంచుతున్నాను. ఇవి దిగుడుబావి దగ్గర నేర్చుకున్నవే.

1. లోపల ఉన్నవాడికి వేళ తెలుస్తోందా?

2. ఇంకా ఎంత మిగిలిందో, డబ్బయినా, బలమయినా, నిద్రయినా, కనబడుతోందా?

3. ఆగి ఆలోచించుకోవడానికి నడుమ అరుగు ఉందా?

4. పక్క మనిషి ముఖం కనబడుతోందా?

5. ఇది ఎవరిని బయట నిలబెడుతోంది?

ఈ ప్రశ్నల వెంటే చేయదగిన పనులూ కనబడతాయి. ప్రతి మంచానికి ఒక చిన్న దీపం పెడితే ఒకరి చదువు మరొకరి నిద్రకు అడ్డురాదు. ప్లగ్గులను తలగడ పక్కనుంచి తలుపు దగ్గరి అలమరకు మారిస్తే, ఫోను అక్కడ పండుకుంటుంది, మనిషి ఇక్కడ పండుకుంటాడు. వరండాలో కిటికీ ఎదుట నాలుగు రాతి బెంచీలు వేస్తే అవే మన అరుగులు. ఉస్మానియాలో 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కాలేజీ భవనం ముందు మెట్లు ఎన్ని తరాల స్నేహాలకూ, వాదాలకూ, ఉద్యమాలకూ కూర్చోబెట్టే చోటు అయినాయో మన పూర్వ విద్యార్థులకు చెప్పనక్కరలేదు. కామన్‌రూము నేల మీద పులిజూదం, అష్టాచెమ్మా పటాలు రంగుతో వేయించడానికి ఒక డబ్బా పెయింటు చాలు. అదే గదిలో నలుగురూ కలిసి ఆడే వీడియో గేము పెట్టినా నాకు అభ్యంతరం లేదు, గోడకు గడియారమూ, పక్కన మనుషులూ ఉంటే చాలు. అయిదో ప్రశ్నను మాత్రం మరిచిపోవద్దు. క్యారమ్ బోర్డు ఎప్పుడూ మగపిల్లల చేతిలోనే ఉండే కామన్‌రూము, సాయంత్రం ఆరు దాటితే ఆడపిల్లలకు మూసుకుపోయే మైదానం, ర్యాంపు లేని కారణంగా చక్రాల కుర్చీలో ఉన్న మిత్రుడు ఎక్కలేని మెట్లు, ఇవన్నీ పాత బావి ఒడ్డుకు చుట్టాలే.

ఆట పరీక్షకు ఒక వారం చాలు. ఆడటానికి ముందు ‘ఎందుకు ఆడుతున్నాను’ అని ఒక్క ముక్క రాసుకోండి. ఆపిన తరువాత ‘నేను ఆపానా, నిద్ర ఆపిందా, బ్యాటరీ ఆపిందా’ అని మరో ముక్క రాసుకోండి. ఏడు రోజుల కాగితం చూసుకుంటే, మీరు ఆడుతున్న ఆట ఏదో, మిమ్మల్ని ఆడిస్తున్న ఆట ఏదో ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది. ‘ఆపుకోలేకపోతున్నాను’ అని తేలితే అది సిగ్గుపడవలసిన విషయం కాదు. నమ్మకమున్న లెక్చరరుతోనో, డాక్టరుతోనో మాట్లాడవలసిన విషయం.

విద్యార్థి సంఘం వారు ఈ యేడు సమర్పించబోయే కోరికల పత్రంలో ఫీజుల పక్కన, బస్సుల పక్కన దీపాలకూ బెంచీలకూ రెండు పంక్తులు ఇవ్వాలని నా మనవి. పూర్వ విద్యార్థులు కళాశాలకు ఏదైనా ఇవ్వదలచుకుంటే, పేరు చెక్కిన శిలాఫలకం కన్నా అదే రాయితో ఒక బెంచీ వేయించండి. పేరు కావాలంటే దాని మీద చెక్కించుకోవచ్చు. నాగన్న పేరు మా ఊళ్ళో నిలిచింది బావి వల్లనే కదా. వచ్చే యేటి సంచికలో ఎవరైనా విద్యార్థి ఈ అయిదు ప్రశ్నలకు తన గదినుంచి జవాబులు రాసి పంపితే, ఈ వ్యాసం రాసినందుకు నాకు ఆ ఫలితం చాలు.